86 కాదు, 110: ఒక స్టాఫ్ నర్సు కేసులో ఎమోషన్ రెగ్యులేషన్‌ను కొలిచిన తీరు

ఇది ఒక్క మనిషి కేసు కాదు. కోపం, చిరాకు లాంటి భావోద్వేగాలను సర్దుకోలేని (ఎమోషన్ రెగ్యులేషన్) ఇబ్బందితో క్లినిక్‌కు వచ్చే నర్సుల వివరాలు కలిపి, ఊరూ ఆసుపత్రీ గుర్తుపట్టే వీలు లేకుండా మార్చి కట్టిన నమూనా. ఇందులోని నర్సు స్కోర్లు లెక్క చూపించడానికి కూర్చినవే. ప్రశ్నావళుల నిర్మాణం, స్కోరు కట్టే పద్ధతి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం. సైకాలజీ చదువుతున్నవాళ్లకూ, క్లినిక్‌లో కొత్తగా ఫారాలు చేతపట్టినవాళ్లకూ ఉపయోగపడాలన్నది ఉద్దేశం.

వచ్చినామెకు 36 ఏళ్లు. జీఎన్‌ఎం చదివి, పన్నెండేళ్లుగా ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సు. నెలకు ఎనిమిది నైట్లు పడతాయి. ఇంట్లో భర్త, అత్తగారు, తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. మొదటి రోజు ఆమె చెప్పిన మాట: "డ్యూటీలో ఎవరెన్ని అన్నా ఒక్క మాట తిరిగి అనను మేడమ్. ఇంటికొచ్చానంటే పూనకం వచ్చినట్టు అరుస్తాను. అరిచాక నా మీద నాకే అసహ్యం వేస్తుంది." గత రెండు నెలల్లో బాబు మీద రెండుసార్లు చెయ్యి చేసుకుంది. తరచూ తలపోటు. నిద్ర ముక్కలు ముక్కలుగా పడుతోంది.

ఫారాలు తీయకముందే చూడాల్సినవి చూశాం. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కు 12, ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 9 వచ్చాయి. పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్నకు ఆమె సున్నా పెట్టింది. అయినా చనిపోవాలన్న ఆలోచనల గురించి నోటితో కూడా అడిగాం. కాగితం మీద సున్నా పెట్టి నోటితో వేరే చెప్పేవాళ్లు ఉంటారు కాబట్టి ఈ ప్రశ్నను కాగితానికి వదిలేయకూడదు. ఈమె విషయంలో అలాంటిదేమీ లేదు. సైకియాట్రిస్టు చూసి, మందు మొదలుపెట్టకుండా నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగుంది, హిమోగ్లోబిన్ 10.4. రక్తం తక్కువై, నిద్ర చాలని మనిషికి చిరాకు రావడానికి మనస్తత్వశాస్త్రం అక్కర్లేదు. ఫిజీషియన్ ఐరన్ మొదలుపెట్టారు. ఆ తేదీని కేసు షీటులో పెద్దక్షరాలతో రాసుకున్నాం. రేపు స్కోరు తగ్గితే ఆ ఘనతలో ఐరన్ వాటా కూడా ఉంటుంది.

మొదటి ఫారం ఎందుకు పారేశాం

ప్రధాన కొలతకు తీసుకున్నది డెర్స్. భావోద్వేగాలను సర్దుకోవడంలో పడే ఇబ్బందులను కొలిచే ఈ ప్రశ్నావళిని కిమ్ గ్రాట్జ్, లిజబెత్ రోమర్ 2004లో ప్రచురించారు. 36 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు గుర్తు. మొత్తం 36 నుంచి 180 మధ్య వస్తుంది. ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువని అర్థం. అందులో ఆరు ఉపవిభాగాలు ఉన్నాయి: వచ్చిన భావాన్ని ఒప్పుకోలేకపోవడం (6 వాక్యాలు), ఆ సమయంలో పని మీద దృష్టి నిలవకపోవడం (5), ఆపుకోలేకపోవడం (6), మనసును గమనించకపోవడం (6), తేరుకునే దారి లేదనుకోవడం (8), ఏం అనిపిస్తోందో స్పష్టత లేకపోవడం (5).

మొదటిసారి ఆమె ఈ ఫారాన్ని నైట్ డ్యూటీ దిగి, ఉదయం ఎనిమిదిన్నరకు, నాలుగు నిమిషాల్లో నింపి ఇచ్చింది. మొత్తం 86. అసలు అధ్యయనంలో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం బోస్టన్ విద్యార్థులు 357 మంది ఉన్నారు. అందులో ఆడవాళ్ల సగటు సుమారు 78, మగవాళ్లది సుమారు 81. ఆ లెక్కన 86 చూసి "పెద్ద ఇబ్బందేమీ లేదు" అని రాసేయడం చాలా తేలిక.

అక్కడే ఉంది చిక్కు. 36 వాక్యాల్లో 11 తిరగేసి లెక్కించాల్సినవి: 1, 2, 6, 7, 8, 10, 17, 20, 22, 24, 34. వీటిలో పెట్టిన అంకెను 6 లోంచి తీసేయాలి. కాబట్టి ఒక మనిషి ఏదీ చదవకుండా 36 చోట్లా 1 పెట్టుకుంటూ పోతే వచ్చేది 36 కాదు. 25 వాక్యాలకు 25, తిరగేసిన 11 వాక్యాలకు 55, మొత్తం 80. అంటే అసలు ఫారమే చదవని మనిషి సరిగ్గా సగటు మనిషిలా కనిపిస్తాడు. అన్నీ 2 పెడితే 94, అన్నీ 3 పెడితే 108, అన్నీ 5 పెడితే 136 వస్తాయి. ఈ నాలుగు అంకెలను స్కోరింగ్ షీటు పైన రాసి పెట్టుకోవాలి. వీటికి దగ్గరగా మొత్తం వచ్చిన ప్రతిసారీ ఒక్కో జవాబునూ విడిగా చూడాలి.

ఈమె ఫారంలో 30 చోట్ల 1, ఆరు చోట్ల 2 ఉన్నాయి. స్పష్టత ఉపవిభాగంలో "నాకేమనిపిస్తోందో నాకే అర్థం కాదు" అన్న అర్థం వచ్చే వాక్యానికీ 1 పెట్టింది, "నాకేమనిపిస్తోందో నాకు తెలుసు" అన్న అర్థం వచ్చే వాక్యానికీ 1 పెట్టింది. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఆమె అబద్ధం చెప్పలేదు, నిద్ర మత్తులో ఉంది, అంతే. 36 వాక్యాలు చదివి ఆలోచించడానికి నాలుగు నిమిషాలు చాలవు. ఆ ఫారాన్ని కొట్టేసి, వీక్లీ ఆఫ్ రోజు, నిద్రపోయి వచ్చాక, ఒక్కో వాక్యం చదివి వినిపిస్తూ మళ్లీ నింపించాం. ఈసారి పదిహేడు నిమిషాలు పట్టింది. మొత్తం 110.

విడివిడిగా చూస్తే: ఒప్పుకోలేకపోవడం 19, దృష్టి నిలవకపోవడం 17, ఆపుకోలేకపోవడం 18, గమనించకపోవడం 22, దారి లేదనుకోవడం 21, స్పష్టత లేకపోవడం 13. గమనించకపోవడంలో 30కి 22 అంటే చాలా ఎక్కువ. స్పష్టత లేకపోవడంలో 25కి 13 అంటే మామూలే. మనసు వైపు చూడనే చూడని మనిషి, అక్కడ ఏముందో మాత్రం బాగానే తెలుసంటోంది. ఈ పొసగనితనాన్ని చికిత్స మొదలవకముందే షీటులో ప్రశ్నార్థకం పెట్టి రాసుకున్నాం. నాలుగో వారంలో అదే అక్కరకొచ్చింది.

గమనించకపోవడం ఉపవిభాగం గురించి ఒక మాట. అందులోని ఆరు వాక్యాలూ తిరగేసేవే. తిరగేయడం మరిచిపోతే ఈమె 22 కాస్తా 14 అయిపోతుంది, అసలు ఇబ్బంది మాయమవుతుంది. మిగతా ఐదింటితో ఈ ఉపవిభాగం అంతగా కలవదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. 2016లో వచ్చిన 16 వాక్యాల పొట్టి రూపంలో దీన్ని వదిలేశారు. అందుకే మొత్తాన్ని ఎప్పుడూ రెండు విధాలుగా రాయడం మంచిది: అన్నీ కలిపి 110, ఇది తీసేస్తే 88.

"అప్‌సెట్" అన్న మాట దగ్గర

డెర్స్ వాక్యాల్లో చాలావాటికి మొదలు ఒక్కటే: అప్‌సెట్ అయినప్పుడు నేనిలా ఉంటాను అని. ఈ ఒక్క మాటను తెలుగులో ఏమంటామన్న దాన్ని బట్టి స్కోరు మారిపోతుంది. "బాధగా ఉన్నప్పుడు" అంటే వినేవాళ్లు ఏడుపునే తలుచుకుంటారు, కోపం లెక్కలోకి రాదు. "మనసు బాగోలేనప్పుడు" అన్నా అంతే, దిగులు వైపే పోతుంది. "కలత చెందినప్పుడు" అంటే పుస్తకం భాష, వార్డు ఆయాలకూ ఆటో నడిపేవాళ్లకూ అంటదు. మా ఫారంలో ఉన్నది ఇది: "కోపమో, బాధో, భయమో వచ్చి మనసు కుదురుగా లేనప్పుడు". పొడుగే. కానీ మూడింటినీ పట్టుకుంటుంది.

అనువాదానికి ఇద్దరు విడివిడిగా రాశారు, ఒకరు గుంటూరు వైపు, ఇంకొకరు కరీంనగర్ వైపు. రెండింటినీ కూర్చోబెట్టి ఒకటి చేశాక, ఇంగ్లీషు మూలం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి రాశారు. మూలంతో పోల్చి, తేడా వచ్చిన వాక్యాలు సరిచేశాం. ఇక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. కానీ తప్పులు నిజంగా దొరికేది ఆ తర్వాత మెట్టులో: ఎనిమిది మందికి ఒక్కో వాక్యం చదివి, "దీన్ని మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. "అదుపు తప్పుతాను" అన్న మాట అలాగే ఎగిరిపోయింది. విన్నవాళ్లు దాన్ని కొట్లాటగా తీసుకున్నారు. "నేనెవర్నీ కొట్టలేదు కదండీ" అని 1 పెట్టారు, రోజూ ఇంట్లో గిన్నెలు విసిరేవాళ్లు కూడా. "ఆపుకోలేకపోతాను" అని మార్చాక జవాబులు మారాయి. దీనికి భిన్నంగా, వచ్చిన భావాన్ని ఒప్పుకోలేకపోవడం తెలుగులో హాయిగా ఒదిగింది. "కోపం వచ్చినందుకు నా మీద నాకే కోపం" అన్నది మన ఇళ్లలో పుట్టిన మాటే.

జవాబుల అంకెలకు మూలంలో శాతాలున్నాయి: 1 అంటే 0–10, 2 అంటే 11–35, 3 అంటే 36–65, 4 అంటే 66–90, 5 అంటే 91–100. శాతాలతో అడిగితే చదువుకున్నవాళ్లు కూడా మధ్య అంకెకే మొగ్గుతారు. "ఇలా పదిసార్లు జరిగితే అందులో ఎన్నిసార్లు?" అని అడిగి, సున్నా లేదా ఒకటి, రెండు మూడు, నాలుగు నుంచి ఆరు, ఏడు నుంచి తొమ్మిది, పదికి పదీ అని వేళ్ల మీద చెప్పించుకుంటే తేలిగ్గా వస్తుంది.

డ్యూటీలో ఒకరు, ఇంట్లో ఇంకొకరు

రెండో కొలత ఈఆర్‌క్యూ. జేమ్స్ గ్రాస్, ఆలివర్ జాన్ 2003లో ఇచ్చిన 10 వాక్యాల ప్రశ్నావళి, 1 నుంచి 7 వరకు గుర్తు. ఆరు వాక్యాలు విషయాన్ని వేరేగా చూసి మనసు మార్చుకోవడాన్ని, నాలుగు వాక్యాలు భావాన్ని బయటికి కనపడకుండా అణుచుకోవడాన్ని కొలుస్తాయి. రెండింటినీ ఎప్పుడూ కలపకూడదు. కలిపిన మొత్తానికి ఏ అర్థమూ లేదు.

ఆమె మామూలు ఫారం చూసి తికమకపడింది. "డ్యూటీలో అయితే 7, ఇంట్లో అయితే 2. ఏది పెట్టమంటారు?" సగటు వేసి 4 పెట్టించి ఉంటే ఈ కేసు అక్కడే తప్పిపోయేది. అణుచుకోవడానికి సంబంధించిన నాలుగు వాక్యాలనూ రెండుసార్లు అడిగాం. డ్యూటీకి 28కి 26, ఇంటికి 28కి 9. వాక్యం ముందు "డ్యూటీలో", "ఇంట్లో" అని చేర్చాం కాబట్టి ఈ అంకెలను ఏ ప్రచురిత సగటుతోనూ పోల్చకూడదు. ఆమెను ఆమెతోనే పోల్చుకోవాలి. మనసు మార్చుకోవడంలో 42కి 22, అంటే వాక్యానికి సగటున 3.7.

అణుచుకోవడం తప్పే అని రాసేయడం కూడా తొందరే. 2007లో ఎమిలీ బట్లర్, గ్రాస్ తదితరులు చేసిన అధ్యయనంలో, ఆసియా విలువలతో పెరిగిన స్త్రీలకు అణుచుకోవడం వల్ల కలిగే నష్టం తక్కువగా కనిపించింది. పైగా ఇక్కడ అది ఉద్యోగంలో భాగం. సెలైన్ అయిపోయిందని అటెండెంటు వార్డంతా వినపడేలా అరుస్తుంటే సిస్టర్ తిరిగి అరవడానికి లేదు. అందుకని డ్యూటీలో అణుచుకోవడాన్ని చికిత్స లక్ష్యంగా పెట్టుకోలేదు. అణుచుకున్నది ఎక్కడ, ఎప్పుడు దిగుతోందన్నదే వెతకాల్సి వచ్చింది.

మనిషి మాట మీద ఆధారపడకుండా, భావోద్వేగాల విషయంలో పనితనాన్ని నేరుగా పరీక్షించే పద్ధతులూ ఉన్నాయి. మేయర్, సాలోవే, కరుసోల 141 ప్రశ్నల పరీక్ష వాటిలో పేరున్నది. ఈ కేసులో వాడలేదు. అందులో సరైన జవాబు నిపుణుల అభిప్రాయాన్నో ఎక్కువమంది అభిప్రాయాన్నో బట్టి తేలుతుంది, ఆ మనుషులు మనవాళ్లు కారు. అంతకంటే ముఖ్యం, ఏం చెయ్యాలో ఈమెకు ఇప్పటికే బాగా తెలుసు. తెలిసింది ఇంట్లో చెయ్యలేకపోవడమే ఇబ్బంది.

జేబులో చీటీలు

ప్రశ్నావళి గుర్తున్నదాన్ని కొలుస్తుంది. జరిగినప్పుడే పట్టుకోవాలంటే రోజువారీ నమోదు కావాలి. వార్డులో ఫోన్ తీయడానికి లేదు. అరచేతిలో పట్టేంత చీటీల పుస్తకం ఇచ్చాం, యూనిఫాం జేబులో పట్టేది. రోజుకు మూడుసార్లు, 14 రోజులు, మొత్తం 42 చీటీలు. ఒక్కోదానిలో నాలుగే గడులు: ఇప్పుడేమనిపిస్తోంది (సొంత మాటలో), ఎంత (0–10), ఏం చేశారు, ఆ భావం దిగి మనసు కుదుటపడటానికి ఎన్ని నిమిషాలు పట్టింది. ఐదో గడి పెడితే మూడో రోజుకే నింపడం ఆగిపోతుంది.

42లో 31 వచ్చాయి, 74 శాతం. అంకె బాగానే ఉంది. కానీ రాని 11లో 8 నైట్ డ్యూటీ రోజులవి. ఎక్కువ కష్టంగా గడిచిన గంటలే ఖాళీగా ఉన్నాయన్నమాట. అందుకే మర్నాడు ఫోన్లో అడిగి ఆ ఎనిమిదింటినీ వేరే రంగు సిరాతో రాసుకున్నాం. వాటిని మాత్రం సగటులో కలపలేదు.

31 చీటీల్లో 19 చోట్ల ఒకే మాట: చిరాకు. కోపం అన్న మాట రెండుసార్లే. భయం, అవమానం ఒక్కసారీ లేవు. "మీకు కోపం వస్తుందా?" అంటే "లేదు మేడమ్, చిరాకే" అంది. తెలుగులో చిరాకు అనే మాట చాలా బరువు మోస్తుంది. ఆకలి, నిద్రలేమి, ఉక్కపోత, పరాభవం, తప్పు జరిగిపోతుందేమోనన్న గుబులు, అన్నీ అందులోనే సర్దుకుంటాయి. 13 వచ్చిన స్పష్టత స్కోరు పక్కన ఈ 19 చీటీలు పెడితే, మొదట పెట్టుకున్న ప్రశ్నార్థకానికి అర్థం తెలిసింది. ఆమెకు ఉన్నది స్పష్టత కాదు, ఒకే ఒక్క పేరు.

బయటి కొలతగా, ఆమె ఒప్పుకున్నాక భర్త చేత కూడా లెక్క పెట్టించాం. "ఎంత కోపంగా ఉంది?" అని ఆయన్ని అడగలేదు. అది ఆయన మూడ్‌ను కొలిచినట్టవుతుంది. పక్క గదిలోకి వినపడేలా అరవడం, వస్తువు విసరడం, పిల్లల మీద చెయ్యి ఎత్తడం, ఈ మూడింటికే గీతలు పెట్టమన్నాం. మొదటి వారం ఆమె లెక్క 9, ఆయన లెక్క 7. ఆయన దుకాణంలో ఉన్న వేళలు తీసేస్తే రెండూ దాదాపు కలిశాయి. తొమ్మిదిలో ఆరు, నైట్ దిగిన రోజు మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి లోపు జరిగినవే. పిల్లలు స్కూలు నుంచి వచ్చి, హోంవర్కు మొదలయ్యే వేళ.

గ్రాస్ 1998 నమూనాలో భావోద్వేగాన్ని ఐదు చోట్ల పట్టుకోవచ్చు: పరిస్థితిని ఎంచుకోవడం, దాన్ని మార్చుకోవడం, దృష్టిని మళ్లించడం, విషయాన్ని వేరేగా చూడటం, చివరికి వచ్చేసినదాన్ని ఆపుకోవడం. ఆమె శక్తంతా ఐదో మెట్టు దగ్గరే ఖర్చయిపోతోంది. మొదటి జోక్యం అందుకే మాటల్లో కాదు, గడియారంలో జరిగింది. నైట్ దిగిన రోజు హోంవర్కు అత్తగారికి, పిల్లలు వచ్చేలోపు ఆమెకు తలుపేసుకుని నిద్ర. బాబు దగ్గర చెయ్యి లేచేలా ఉంటే గది దాటి వెళ్లిపోవాలన్న ఒప్పందం అదే రోజు రాసుకున్నాం. ఆ తర్వాతే చిరాకును విడదీసి పేర్లు పెట్టడం, నెమ్మదిగా ఊపిరి తీయడం, అటెండెంటు అరుపును వేరే కోణంలో చూడటం నేర్పాం. వారానికొకటి చొప్పున మొత్తం 12 సెషన్లు.

నాలుగో వారంలో స్కోరు పెరిగింది

నాలుగో వారం డెర్స్: ఒప్పుకోలేకపోవడం 22, దృష్టి 18, ఆపుకోలేకపోవడం 19, గమనించకపోవడం 16, దారి లేదనుకోవడం 24, స్పష్టత లేకపోవడం 16. మొత్తం 115. గమనించకపోవడం తీసేస్తే 88 నుంచి 99కి పెరిగింది. ఈ అంకెలే చూస్తే చికిత్స పనిచేయడం లేదనాలి.

అదే వారం ఇంట్లో అరుపులు 9 నుంచి 5కు తగ్గాయి. చీటీల్లో దిగడానికి పట్టే సమయం, మధ్యస్థ విలువ (వరుసలో పెడితే నడిమికి వచ్చే అంకె), 90 నిమిషాల నుంచి 65కు వచ్చింది. చిరాకు పక్కన కొత్త మాటలు కనిపించాయి: "భయం, డోసు తప్పిందేమోనని", "చిన్నతనంగా అనిపించింది". మనిషి చూడటం మొదలుపెట్టింది. చూస్తే కనపడింది ఎక్కువగా ఉంది. తనను కొలుచుకునే కొలబద్దే మారింది కాబట్టి అంకె పెరిగింది. 12వ వారంలో "మొదటి రోజు మీరెలా ఉండేవారో ఇప్పుడు తలుచుకుని చెప్పండి" అని స్పష్టత వాక్యాలు ఐదూ మళ్లీ అడిగితే, అప్పుడు 13 చెప్పిన ఆమె ఇప్పుడు 20 చెప్పింది. జ్ఞాపకం మెరుగుదలను పెంచి చూపించే అవకాశం ఉంది కనక దీన్ని సాక్ష్యంగా కాక తోడుగానే వాడాలి.

పెరిగిన ఐదు పాయింట్లకు బెంబేలెత్తకుండా ఉండటానికి ఇంకో కారణం లెక్కలోనే ఉంది. నీల్ జాకబ్సన్, పౌలా ట్రూయాక్స్ 1991లో చెప్పిన నమ్మదగిన మార్పు సూచిక, అంటే వచ్చిన తేడా నిజమా, కొలతలోని ఊగిసలాటా అని తేల్చే గీత, ఇలా వేస్తాం. ప్రామాణిక విచలనాన్ని (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె), ఒకటి లోంచి విశ్వసనీయత (కొలత ఎంత నిలకడగా ఉందో చెప్పే అంకె) తీసేసిన దాని వర్గమూలంతో గుణించాలి. వచ్చినదాన్ని 2 వర్గమూలంతోనూ, ఆపై 1.96తోనూ గుణించాలి. అసలు అధ్యయనంలో ఆడవాళ్ల విచలనం 20.72, నాలుగు నుంచి ఎనిమిది వారాల తేడాతో మళ్లీ కొలిచిన విశ్వసనీయత 0.88. లెక్క వేస్తే 7.18, 10.15, చివరికి 19.9. అంటే 20 పాయింట్ల లోపు మార్పు కొలతలోని ఊగిసలాటే కావచ్చు. కొందరు 0.88కి బదులు అంతర్గత పొంతన (వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తాయన్నది) 0.93 వేస్తారు. అప్పుడు గీత 15కు దిగుతుంది, బాగుపడ్డవాళ్ల సంఖ్య కాగితం మీద పెరుగుతుంది. వారాల తేడాతో కొలిచేటప్పుడు 0.88 వేయడమే న్యాయం. ఈ విచలనం అమెరికన్ విద్యార్థులది, మన నర్సులది కాదు. అందుకే "సాధారణ స్థాయికి చేరారు" అన్న రెండో తీర్పు జోలికి వెళ్లలేదు.

12వ వారం డెర్స్ ఉపవిభాగాలు, అదే వరుసలో: 14, 13, 11, 14, 15, 9. మొత్తం 76. 110 నుంచి 34 పాయింట్లు తగ్గింది, 20 గీత దాటింది. ఈఆర్‌క్యూలో మనసు మార్చుకోవడం 22 నుంచి 29కి పెరిగింది. అణుచుకోవడం డ్యూటీలో 26 నుంచి 22కు దిగి, ఇంట్లో 9 నుంచి 12కు పెరిగింది. రెండు చోట్లా ఉన్న మనుషులు కొంచెం దగ్గరయ్యారు. ఇంట్లో అరుపులు వారానికి 2, దిగే సమయం 35 నిమిషాలు. పిల్లల మీద చెయ్యి ఎత్తినట్టు ఎనిమిది వారాలుగా ఎవరి లెక్కలోనూ గీత లేదు. పీహెచ్‌క్యూ 6, హిమోగ్లోబిన్ 11.8. రక్తం పెరగడం వల్ల ఎంత, నిద్ర వల్ల ఎంత, నేర్చుకున్నదాని వల్ల ఎంత అని ఒక్క మనిషిలో విడదీయలేం. మూడూ ఒకే పన్నెండు వారాల్లో జరిగాయి. తేదీలు పక్కపక్కన పెడితే ఒక్కటి చెప్పొచ్చు: అరుపులు తగ్గడం మొదలైంది నిద్ర వేళ మారిన వారంలోనే, డెర్స్ తగ్గింది ఆరో వారం తర్వాత.

మూడు నెలల తర్వాత డెర్స్ 81. ఐదు పాయింట్ల పెరుగుదలను మార్పుగా తీసుకోలేదు. కానీ చీటీలు మళ్లీ వారం రోజులు రాయిస్తే, అత్తగారు ఊరెళ్లిన పది రోజుల్లో నైట్ దిగిన మధ్యాహ్నాలు పాత దారి పట్టినట్టు కనిపించింది. పక్కింటి ట్యూషన్ టీచరుతో ఆ రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఆరో నెల ఫారానికి తేదీ వేసేముందు ఆమె డ్యూటీ చార్టు అడిగి తీసుకున్నాం. నైట్ దిగిన రోజు, దాని మర్నాడు, రెండూ వదిలేసి మూడో రోజు పెట్టాం.